రెండో పులకేశి: హర్షుణ్ణి ఆపిన మొనగాడా, రాజధాని పోగొట్టుకున్న రాజా?

నర్మదాతీరం

రెండో పులకేశి పేరెత్తగానే అందరూ ఒకటే మాట అంటారు, "హర్షవర్ధనుణ్ణి ఓడించినవాడు" అని. స్కూలు పుస్తకంలోనూ అదే, పోటీ పరీక్షల గైడ్లలోనూ అదే. కథ ఆ యుద్ధం దగ్గరే ఆపేస్తాం. తర్వాత జరిగింది చూస్తే నాకు ఆ మొనగాడితనం అంతగా కనబడదు.

క్లుప్తంగా చెప్తాను. 609-10 ప్రాంతంలో చిన్నాన్న మంగళేశుణ్ణి చంపి బాదామి గద్దె ఎక్కాడు. బాదామి అంటే అప్పటి వాతాపి, ఇప్పటి ఉత్తర కర్ణాటకలో ఉంది. ముప్పై ఏళ్ళ పైన ఏలాడు. కదంబులు, గంగులు, ఆళుపులు, కొంకణ మౌర్యులు, లాట, మాళవ, ఘూర్జరులు, కోసల, కళింగ, పిష్ఠపురం, పల్లవులు, ఎవరినీ వదల్లేదు. చివరికి 642లో కంచి పల్లవ రాజు నరసింహవర్మ వచ్చి బాదామినే పట్టుకున్నాడు. పులకేశి చరిత్ర అక్కడితో ఆగిపోయింది. 655లో కొడుకు విక్రమాదిత్యుడు నిలదొక్కుకునే దాకా, పదమూడేళ్ళ పాటు చాళుక్య రాజ్యం చెల్లాచెదురు.

నా వాదన ఇదీ: ఉత్తరాన హర్షుడి లాంటివాణ్ణి పెట్టుకుని, దక్షిణాన చావుదెబ్బ తినని పల్లవుణ్ణి మళ్ళీ మళ్ళీ కెలికి, యుద్ధాన్ని ఇంటిమీదికి తెచ్చుకున్నాడు. గెలవడం తెలిసినవాడే గానీ నిలుపుకోవడం తెలియలేదు. కాదనేవాళ్ళు ఆధారాలతో రండి.

ఐహొళె బాటసారి

నర్మదాతీరం గారూ, చివరి ఏడాది పట్టుకుని ముప్పై ఏళ్ళకు మార్కులు వేస్తున్నారు. మొదటి ఏడాది కూడా చూడండి.

తండ్రి కీర్తివర్మ పోయేనాటికి పులకేశి ఇంకా చిన్నవాడు. రాజ్యం మంగళేశుడు చూసుకున్నాడు. అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత గద్దె తన కొడుక్కి కట్టబెట్టాలని చూశాడు. పులకేశి బయటికి వెళ్ళి, బలం కూడగట్టుకుని వచ్చి చిన్నాన్నతో తలపడ్డాడు. ఇంట్లో ఇలా కొట్టుకుంటుంటే సామంతులు ఊరుకుంటారా? ఎవరికి వారే రాజులయ్యారు. శత్రువులనే చీకటి లోకాన్ని కమ్మేసిందని ఐహొళె శాసనమే చెప్తుంది. అప్పాయికుడు, గోవిందుడు అనే ఇద్దరు ఏనుగుల దండుతో భీమా నది దాకా వచ్చేశారు. ఒకణ్ణి భయపెట్టి తరిమాడు, రెండోవాణ్ణి తనవైపు తిప్పుకున్నాడు. చేతిలో ఏమీ లేని కుర్రవాడు చేసిన పని ఇది.

అక్కణ్ణుంచి వరదా నది ఒడ్డున ఉన్న బనవాసి, తర్వాత గంగులు, ఆళుపులు. కొంకణంలో పురి అనే రేవు పట్టణం మీదికి వందల ఓడలతో వెళ్ళాడట. దక్కను రాజు ఓడలు కట్టి యుద్ధానికి వెళ్ళడం ఆ కాలానికి చిన్న సంగతి కాదు.

ఇక హర్షుడి యుద్ధం. ఇది 630 తర్వాతి మాట అని చాలాకాలం పుస్తకాల్లో రాశారు. కొన్నేళ్ళ కిందట 619 ఏప్రిల్ నాటి తామ్రశాసనం ఒకటి వెలుగులోకి వచ్చింది, అందులో హర్షుడి మీద గెలుపు ప్రస్తావన ఉంది. అంటే గద్దె ఎక్కిన పదేళ్ళలోపే ఆ పని అయిపోయింది. తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా పులకేశి బతికి ఉన్నాడు, హర్షుడు 647 దాకా ఉన్నాడు, అయినా ఆయన నర్మద దాటి రాలేదు. నిలుపుకోవడం అంటే ఇంకేమిటండీ?

కంచి కాపురం

చెన్నైలో స్థిరపడ్డ తెలుగువాణ్ణి. పల్లవుల వైపు మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి నేనే మాట్లాడతాను, తిట్టకండి.

పులకేశి దక్షిణ దండయాత్ర అనగానే "కంచి దాకా వెళ్ళాడు" అని గొప్పగా రాస్తారు. వెళ్ళాడు, సరే. తీసుకున్నాడా? ఐహొళె శాసనంలో ఉన్నదల్లా, ఆయన సైన్యం రేపిన దుమ్ము పల్లవ రాజు తేజస్సును కప్పేసిందనీ, అతను కంచి కోటగోడల చాటున ఉండిపోయాడనీ. కోట పడిందని ఆయన ఆస్థాన కవే అనలేదు. పడి ఉంటే ఆ కవి పది శ్లోకాలు రాసేవాడు. పల్లవుల కాశాక్కుడి శాసనం మాత్రం, మహేంద్రవర్మ పుల్లలూరు దగ్గర తన ముఖ్య శత్రువులను మట్టుబెట్టాడని చెప్తుంది. శత్రువు పేరు రాయలేదు కానీ పుల్లలూరు కంచికి కూతవేటు దూరం. అంతదాకా వచ్చి వెనక్కి పోయిందెవరు?

కొడుకు నరసింహవర్మ కాలంలో మళ్ళీ అదే కథ. కూరం శాసనం మూడు యుద్ధాల పేర్లు చెప్తుంది: పరియళం, మణిమంగళం, శూరమారం. మణిమంగళం ఇప్పటి తాంబరానికి దగ్గర్లోనే ఉంది, బస్సులో వెళ్ళి రావచ్చు. అంటే యుద్ధం జరిగింది పల్లవ గడ్డ మీద. వచ్చింది పులకేశి సైన్యం. పారిపోతున్న అతని వీపునే రాగిరేకు చేసి "విజయం" అని రాశాడట నరసింహవర్మ. ఆ తర్వాత వెంటబడి బాదామికి వెళ్ళాడు.

కాబట్టి నేను నర్మదాతీరం గారి వైపే. ఒకసారి తగిలిన చోటే రెండోసారి వెళ్ళి తల బాదుకున్నాడు.

గ్రూప్ టూ గుంటూరు

అన్నలూ, మీరు కొట్టుకోండి గానీ హర్షుడి యుద్ధానికి ఇప్పుడు 619 పెట్టాలా, 630-34 పెట్టాలా? నాకు టెన్షన్ వస్తోంది.

ఐహొళె బాటసారి

తమ్ముడూ, ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్ళు ఏ పుస్తకం చదివారో దాన్ని బట్టి. నదుల పేర్లు గుర్తుపెట్టుకో, సంవత్సరం అడగరు.

కంచి కాపురం గారికి ఒక్క మాట. పుల్లలూరు గురించి చెప్పారు, ఆ దండయాత్ర మిగిల్చింది చెప్పలేదు. కృష్ణకు దక్షిణాన కర్మరాష్ట్రం, అంటే ఇప్పటి గుంటూరు, ఒంగోలు వైపు సీమ. పల్లవులకు పాత పట్టున్న నేల అది. పులకేశి ఇరవై ఒకటో పాలనా సంవత్సరంలో, 631 ప్రాంతంలో, అక్కడే భూమి దానం చేసినట్టు కొప్పరం తామ్రశాసనం ఉంది. చేతిలో లేని నేలను దానం చేస్తారా? కంచి కోట పడకపోయినా ఉత్తర జిల్లాలు పోయాయి. మహేంద్రవర్మ గెలిచినట్టేనా అది?

కొల్లేటి కొంగ

మాది కొల్లేటి లంక గ్రామం. మీరందరూ బాదామి నుంచో, కంచి నుంచో చూస్తున్నారు. నేను నీళ్ళలో నిలబడి చూస్తాను.

ఐహొళె శాసనంలో కునాల సరస్సు యుద్ధం ఉంది. కునాల అంటే మా కొల్లేరేనని పండితులు చెప్తారు. చచ్చినవాళ్ళ నెత్తురుతో నీళ్ళు ఎర్రబడ్డాయని కవి ముచ్చటపడి వర్ణించాడు. ఆ చచ్చినవాళ్ళు ఎవరండీ? ఇక్కడివాళ్ళే. పిష్ఠపురం, అంటే పిఠాపురం కోట, దుర్గమమైనది కూడా దుర్గమం కాకుండా పోయిందట. విష్ణుకుండినుల పాలన అప్పటికే బీటలు వారి ఉంది, పిష్ఠపురంలో దుర్జయ వంశం వాళ్ళు ఉన్నారు. బయటినుంచి వచ్చి కొట్టాడు, ఊళ్ళు పట్టుకున్నాడు, తమ్ముణ్ణి కూర్చోబెట్టాడు. మన ఊళ్ళ మీద పడ్డవాణ్ణి మన సభల్లో "మన చక్రవర్తి" అని పొగుడుతుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఓడినవాళ్ళ తరఫున రాసిన కవి ఎవడూ లేడు కాబట్టి గెలిచినవాడి పద్యమే మనకు చరిత్ర అయింది.

మొనగాడా, కాడా అని అడిగే ముందు "ఎవరికి" అని అడగండి.

కావేరి మాధవ్

కొంగ గారూ, ఏడో శతాబ్దంలో "మనం", "బయటివాళ్ళు" అని ఎవరు గీత గీశారు? విష్ణుకుండినులు మాత్రం రైతుల్ని అడిగి రాజులయ్యారా?

కొల్లేటి కొంగ

అడగలేదు. అందుకే వాళ్ళ విగ్రహాలు పెట్టమని కూడా నేను అడగటం లేదు.

దక్కను పులి

అసలు పులకేశి తెలుగువాడు. లిపి చూడండి, తెలుగు లిపి లాగే ఉంటుంది. కన్నడ వాళ్ళు

నిర్వాహకులు

దక్కను పులి గారి పోస్టులో మిగతా భాగమూ, దానికి వచ్చిన తొమ్మిది జవాబులూ తీసేశాం. పులకేశి కన్నడిగుడా, తెలుగువాడా అన్న గొడవకు ఈ దారం కాదు. అప్పట్లో రెండు భాషలకూ దాదాపు ఒకే లిపి. ఐహొళె శాసనం భాష సంస్కృతం. ముందుకు సాగండి.

శాసనాల సూరి

ఇప్పటిదాకా అందరూ ఐహొళె శాసనాన్ని ఉదహరిస్తున్నారు, కానీ అదేమిటో ఎవరూ చెప్పలేదు. నాలుగు ముక్కలు చెప్తాను, తర్వాత కొట్టుకోవచ్చు.

అది రాజు వేయించిన యుద్ధ నివేదిక కాదు. రవికీర్తి అనే జైన కవి ఐహొళెలో గుట్ట మీద, ఇప్పుడు మేగుటి అంటున్న జినాలయం కట్టించి, దాని గోడ మీద వేయించుకున్నది. కాలం శక 556, అంటే 634-35. భారత యుద్ధం జరిగి 3735 ఏళ్ళయిందని కూడా లెక్క రాశాడు. కవిత్వంలో తాను కాళిదాసుకీ, భారవికీ సాటి అని చెప్పుకున్నాడు. ఆ ధైర్యం పుణ్యమా అని కాళిదాసు పేరు తేదీతో సహా మనకు దొరికిన మొదటి చోటు అదే అయింది. రాజు దయవల్ల బతికే కవి, రాజును పొగడటానికి రాసిన పద్యాలు ఇవి. తొంభై తొమ్మిదివేల ఊళ్ళున్న మూడు మహారాష్ట్రకాలకు ప్రభువయ్యాడు అంటే, ఎవరో వెళ్ళి ఊళ్ళు లెక్కపెట్టారని కాదు.

ఇక తేదీ చూడండి. గుడి గోడ మీద ఆ పద్యాలు చెక్కిన ఏడెనిమిదేళ్ళకు బాదామి పడిపోయింది. పులకేశి గురించి మనకున్న అతి పెద్ద ఆధారం అతను శిఖరం మీద ఉన్నప్పుడు రాసింది. పడ్డ సంగతి చెప్పే ఆధారాలన్నీ శత్రువులవి. అందులోనూ కూరం శాసనం నరసింహవర్మది కాదు, మనవడు పరమేశ్వరవర్మది. తాత గొప్ప చెప్పుకుంటున్న మనవడు. వీపు మీద విజయం రాయడం దాని తాలూకు అలంకారమే. ఉదయేందిరం శాసనం ఇంకో మెట్టు ఎక్కి, అగస్త్యుడు వాతాపి రాక్షసుణ్ణి జీర్ణం చేసుకున్నట్టు ఈయన వాతాపిని నాశనం చేశాడంది. అంత చక్కగా పేరు కుదిరాక ఏ కవి వదులుతాడు?

కాకపోతే పట్టుకున్న మాట నిజం. బాదామిలోనే బండ మీద నరసింహవర్మ పదమూడో పాలనా సంవత్సరపు శాసనం ఉంది. చాలా అక్షరాలు అరిగిపోయాయి. ఇది తర్వాతి తరం గొప్ప కాదు, ఆ రోజుల్లోనే అక్కడే చెక్కించింది. 642 తేదీకి ఆధారం అదే.

హర్షుడి యుద్ధం విషయంలో పులకేశి అదృష్టవంతుడు. బయటి సాక్షి ఉన్నాడు. హ్యూయెన్‌త్సాంగ్ హర్షుడి గౌరవమర్యాదలు పొందినవాడు, హర్షుడంటే అభిమానం. అయినా శీలాదిత్యుడు, అంటే హర్షుడే, అయిదు ఇండియాల (దేశపు అయిదు భాగాల) సేనతో స్వయంగా వెళ్ళినా మహారాష్ట్ర వాళ్ళను లొంగదీయలేకపోయాడని రాశాడు. రాజు పేరు పులకేశి అని కూడా చెప్పాడు. బాణుడు హర్షుడి చరిత్ర రాశాడు గానీ కథ తొలి రోజుల దగ్గరే ఆగిపోయింది, అక్కడ ఈ ఊసే లేదు.

నర్మదాతీరం

సూరి గారు చెప్పిన హ్యూయెన్‌త్సాంగ్ మాటనే జాగ్రత్తగా చదవండి. హర్షుడు లొంగదీయలేకపోయాడు, అంతే. పులకేశి ఉత్తరానికి వెళ్ళి ఏదో సాధించాడని లేదు. వచ్చినవాణ్ణి ఆపాడు. ఆపడం గొప్పే, కాదనను. కానీ లాటులు, మాళవులు, ఘూర్జరులు వాళ్ళంతట వాళ్ళే వచ్చి లొంగారని రవికీర్తి రాస్తే నమ్మేద్దామా? గుజరాత్ వైపు వలభి రాజు ధ్రువసేనుడు హర్షుడికి అల్లుడయ్యాడు. పశ్చిమాన హర్షుడి మాట చెల్లుతూనే ఉంది.

ఇంకోటి. "పరమేశ్వర" బిరుదు హర్షుణ్ణి ఓడించినందుకు వచ్చిందని ప్రతి పుస్తకంలో ఉంటుంది. పులకేశి సొంత హైదరాబాదు తామ్రశాసనం 612-13 నాటిది. అప్పటికే ఆ బిరుదు ఉంది. వందల యుద్ధాల్లో ఎదురు నిలిచిన రాజులను ఓడించి సంపాదించాడని ఉంది. హర్షుడి పేరు లేదు. కొడుకులు, మనవల శాసనాల్లోకి వచ్చేసరికి అదే బిరుదు హర్షుడి మీద గెలుపుకి ముడిపడింది. అంటే ఆ యుద్ధాన్ని ఇంత పెద్దది చేసింది తర్వాతి తరాలు. బాదామి పరువు పోయాక, చెప్పుకోవడానికి మిగిలింది అదే కదా.

శాసనాల సూరి

బిరుదు సంగతి సరిగ్గా చెప్పారు. దాన్నుంచి మీరు లాగిన ముగింపు మాత్రం ఎక్కువైంది. బిరుదు ముందే ఉన్నంత మాత్రాన యుద్ధం చిన్నది కాదు. 634లో రవికీర్తి, 641 ప్రాంతంలో చైనా యాత్రికుడు, ఇద్దరూ ఆ యుద్ధాన్నే చెప్తున్నారు. అప్పటికి బాదామి పరువు పోలేదు.

వేంగి వాకిలి

అందరూ బాదామి చుట్టూ తిరుగుతున్నారు. పులకేశి మిగిల్చిన అసలు ఆస్తి బాదామిలో లేదు, వేంగిలో ఉంది.

తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడు మొదట యువరాజు. సతారా శాసనంలో అలాగే కనబడతాడు. గెలిచిన కోస్తాకు అన్న ఇతన్ని పంపాడు. 615 ప్రాంతమని కొందరు, 624 అని కొందరు. అది తేలకపోయినా తర్వాత జరిగింది తెలిసిందే: ఆ వంశం నాలుగున్నర శతాబ్దాలు నిలిచింది. బాదామి చాళుక్యులు 750లలో రాష్ట్రకూట దంతిదుర్గుడి దెబ్బకు పోయారు. రాష్ట్రకూటులు పోయాక కల్యాణి చాళుక్యులు వచ్చారు. ఇదంతా అయ్యేదాకా వేంగి చాళుక్యులు అక్కడే ఉన్నారు. 1070లో ఆ వంశపు బిడ్డ కులోత్తుంగుడు వెళ్ళి చోళ సింహాసనం మీద కూర్చున్నాడు. కంచి కాపురం గారూ, ఇది కూడా రాసుకోండి: పులకేశి పట్టుకోలేని కంచిని, కావేరిని కలిపి ఏలింది ఆయన తమ్ముడి వంశమే.

ఇక భాష. విష్ణువర్ధనుడి కొడుకు మొదటి జయసింహుడి విప్పర్ల శాసనం తెలుగులో ఉంది, పల్నాడులో. 848 నాటి అద్దంకి శాసనంలో పండరంగడి తరువోజ పద్యం ఉంది, గుణగ విజయాదిత్యుడి సేనాని అతను. బెజవాడలో యుద్ధమల్లుడి శాసనంలో మధ్యాక్కర పద్యాలు. రాజమహేంద్రిలో రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ. ఇదంతా ఆ ఒక్క నియామకం నుంచి పారిన కాలువ. ఒక రాజు రాజధాని పోతే పోయింది, ఒక భాషకు కొలువు దొరికింది.

నర్మదాతీరం

వాకిలి గారూ, రాసింది ముచ్చటగా ఉంది. కానీ నన్నయ ఖాతాను పులకేశి పేరున రాస్తారా? ఆయన చేసింది తమ్ముణ్ణి దూరంగా ఒక రాష్ట్రానికి పంపడం. చిన్నాన్నతో యుద్ధం చేసి వచ్చినవాడికి బలమైన తమ్ముడు పక్కన ఉండటం ఎంత ఇబ్బందో వేరే చెప్పాలా? రాజ్యం కట్టుకున్నది విష్ణువర్ధనుడు. తెలుగుకు చోటిచ్చింది ఆ తర్వాతివాళ్ళు. అంతకు ముందే కడప వైపు రేనాటి చోళులు, కలమళ్ళలో ఎరికల్ ముత్తురాజు, తెలుగులో శాసనం వేయించారు, 575 ప్రాంతంలో. తెలుగు కొలువు కోసం పులకేశి రాక తప్పదని లేదు.

నేను అడగాలనుకున్న అసలు ప్రశ్న ఇంకొకటి. 642లో బాదామి తగలబడుతుంటే వేంగి ఏం చేసింది?

కావేరి మాధవ్

ఈ ప్రశ్న నన్నూ తొలుస్తోంది. వేంగి నుంచి సాయం వెళ్ళినట్టు ఏ శాసనమూ చెప్పదు. అప్పటికి గద్దె మీద ఉన్నది విష్ణువర్ధనుడు కాదు, కొడుకు జయసింహుడు. పెదనాన్న కోసం కృష్ణ దాటి సైన్యం పంపాలంటే దారిలో పల్లవుల వాళ్ళే ఉన్నారు. లేదా పంపదలచుకోలేదు. రెండో తరానికే చుట్టరికం పలచబడిపోతుంది, మన ఊళ్ళలో పొలం గట్ల దగ్గర చూడట్లేదా.

నర్మదాతీరం

అదే నేననేది. సామ్రాజ్యాన్ని గెలిచి ముక్కలుగా పంచిపెట్టాడు, ముక్కలకు తిరిగొచ్చి ఆదుకునే కట్టుబాటు లేదు. కొడుకుల సంగతి ఇంకా అన్యాయం. ఆదిత్యవర్మ అనే కొడుకు మొదటి పాలనా సంవత్సరంలోనే చక్రవర్తి బిరుదులతో దానం ఇచ్చాడు, కర్నూలు జిల్లాలో దొరికిన శాసనం. చంద్రాదిత్యుడు ఇంకో కొడుకు, అతని రాణి విజయభట్టారిక పేరుతో నేరూరు శాసనం ఉంది. చివరికి అన్నీ కూడగట్టింది విక్రమాదిత్యుడు, అదీ గంగుల అండతో. చిన్నాన్నతో పోరాడి గద్దె ఎక్కిన రాజు, తన తర్వాత ఎవరన్నది తేల్చకుండా పోయాడు.

అజంతా అభిమాని

పర్షియా రాయబారం సంగతి ఎవరూ ఎత్తలేదేం? ఖుస్రో రాయబారులు పులకేశి కొలువులో ఉన్న బొమ్మ అజంతా మొదటి గుహలో ఉంది. ప్రపంచమంతా పేరున్న రాజు అన్నమాట.

శాసనాల సూరి

ఉత్తరప్రత్యుత్తరాల మాట నిజమే. రెండో ఖుస్రోకు పులకేశి లేఖ పంపిన సంగతి అరబీలో రాసిన చరిత్రకారుడు తబరీ రాశాడు, ఆ షా పాలనలో ముప్పై ఆరో ఏడు, అంటే సుమారు 625-26. కానీ ఆ బొమ్మ ఇదే అని 19వ శతాబ్దంలో చేసిన ఊహ ఇప్పుడు నిలవదు. ఆ గుహ వాకాటక హరిషేణుడి కాలం నాటిదని, అయిదో శతాబ్దం చివరిదని ఇప్పటి పరిశోధకుల్లో ఎక్కువమంది మాట. పులకేశి తాతకు కూడా ముందు కాలం అది. పాత పుస్తకాల్లో ఇంకా అచ్చవుతూనే ఉంది.

మైలాపూర్ మీనాక్షి

వాతాపి నుంచి పల్లవ సేనాని పరంజోతి గణపతి విగ్రహం తెచ్చాడని మా వైపు చెప్పుకుంటారు. తిరుచెంకాట్టంకుడిలో చూశాను. మరి అది ఆధారం కాదా?

కంచి కాపురం

మీనాక్షి గారూ, పరంజోతి వాతాపి యుద్ధానికి వెళ్ళి ఏనుగులు, ధనం తెచ్చాడని పెరియపురాణం చెప్తుంది. అది పన్నెండో శతాబ్దపు గ్రంథం. విగ్రహం తెచ్చిన కథ ఇంకా తర్వాతి వాడుక. నా పక్షానికి పనికొచ్చే కథే అయినా వాడుకోను.

తుంగభద్ర ఒడ్డు

మాది అలంపురం దగ్గర. ఇప్పటిదాకా ఎవరూ చూడని వైపు చెప్తాను.

642తో అంతా మునిగిపోయిందనడమే తప్పు. విక్రమాదిత్యుడు తండ్రి సిరిని ముగ్గురు రాజులు మరుగుపరిస్తే తాను మళ్ళీ గెలుచుకున్నానని, ఆగిపోయిన దేవాలయ, బ్రాహ్మణ మాన్యాలు నిలబెట్టానని తన శాసనాల్లో చెప్పుకున్నాడు. మా గద్వాలలో దొరికిన తామ్రశాసనం 674 నాటిది. అది వేయించినప్పుడు విక్రమాదిత్యుడు ఎక్కడున్నాడో తెలుసా? కావేరి దక్షిణ ఒడ్డున, ఉరగపురంలో, అంటే ఉరైయూరులో దండు దిగి ఉన్నాడు. బాదామి పడ్డ ముప్పై రెండేళ్ళకు చాళుక్య సేన కావేరి దాటింది. ఇది మునిగిన రాజ్యం చేసే పనేనా?

ఆ తర్వాత అలంపురం నవబ్రహ్మ ఆలయాలు, పట్టదకల్లు గుళ్ళు. రెండో విక్రమాదిత్యుడు కంచిలోకి అడుగుపెట్టాడు, పెట్టి కూడా కొల్లగొట్టలేదు. రాజసింహేశ్వరం, అంటే కైలాసనాథ ఆలయం సొత్తు చూసి, తిరిగి దేవుడికే ఇచ్చేశానని అక్కడే కన్నడంలో శాసనం వేయించాడు. ఆయన రాణి లోకమహాదేవి పట్టదకల్లులో కట్టించినదే ఇప్పటి విరూపాక్షాలయం.

పులకేశి వేసిన చట్రం గట్టిది కాకపోతే, రాజధాని పోయిన పదమూడేళ్ళ తర్వాత గంగులు ఈ వంశాన్ని ఎందుకు నమ్ముతారు? సామంతులు అందరూ విడిపోయి ఎవరి దారిన వాళ్ళు ఎందుకు పోలేదు? 610లో పులకేశి మొదలుపెట్టినప్పుడు అదే జరిగింది కదా. 655లో విక్రమాదిత్యుడికి మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టాల్సిన పని పడలేదు. తేడా ఆ ముప్పై ఏళ్ళది.

కంచి కాపురం

ఇది ఈ దారంలో వచ్చిన మంచి వాదన, ఒప్పుకుంటాను. కానీ లెక్కను రెండోవైపు నుంచి చూడండి. పులకేశి మొదలుపెట్టిన ఈ కంచి-బాదామి పగ ఆయనతో ఆగలేదు. మహేంద్రుడు, నరసింహుడు, పరమేశ్వరుడు అటు. విక్రమాదిత్యుడు, మునిమనవడి కొడుకు రెండో విక్రమాదిత్యుడు ఇటు. నూరేళ్ళకు పైగా ఇద్దరూ ఒకరి ఊళ్ళు ఒకరు తొక్కుకున్నారు. చివరికి లాభపడింది ఎవరు? చాళుక్యుల సామంతుడు దంతిదుర్గుడు. బాదామికి చావు కంచి నుంచి రాలేదు, పగలో అరిగిపోయి ఉండగా ఇంట్లోంచే వచ్చింది.

కొల్లేటి కొంగ

ఈ నూరేళ్ళ పగలో సైన్యాలు తొక్కుకుంటూ తిరిగింది ఎవరి పొలాలు? కర్మరాష్ట్రం, రేనాడు. మళ్ళీ మనవే. తుంగభద్ర ఒడ్డు గారు గుళ్ళు చూపిస్తున్నారు, అలంపురం నాకూ ఇష్టమే. ఆ గుడికి రాళ్ళు మోసినవాళ్ళకు ఇచ్చిన కూలి శాసనంలో ఉంటే చెప్పండి.

వేంగి వాకిలి

కూలి లేదు గానీ, పట్టదకల్లులో కట్టిన శిల్పాచార్యుడి పేరు ఉంది. గుండడు. బిరుదులిచ్చి గౌరవించారు. మోసినవాళ్ళ పేర్లు ఏ రాజు శాసనంలోనూ ఉండవు. అది ఒక్క పులకేశి తప్పు కాదు.

గ్రూప్ టూ గుంటూరు

మధ్యలో ఒక డౌట్. 642లో పులకేశి యుద్ధంలోనే చనిపోయాడని మా గైడ్‌లో ఉంది. నిజమేనా?

శాసనాల సూరి

ఏ శాసనమూ ఆ మాట అనలేదు. పల్లవులు వీపు చూశామన్నారు, చంపామనలేదు. చంపి ఉంటే అదీ రాసేవాళ్ళే కదా. చాళుక్యుల శాసనాలు ఆ భాగం పక్కన పెట్టేశాయి. చనిపోయి ఉంటాడన్నది ఊహ. మంచి ఊహే, కానీ ఊహ.

నర్మదాతీరం

నా మాట నేను కాస్త బిగించి చెప్తాను, కాదనేవాళ్ళు అక్కడ కొట్టండి. పులకేశి యుద్ధంలో చేతకానివాడని నేననలేదు. రాజ్యం మునిగిపోయిందని కూడా పట్టుబట్టను, విక్రమాదిత్యుడు ఉన్నాడు. నా అభ్యంతరం ఒక్క నిర్ణయం మీద: కర్మరాష్ట్రం చేతికొచ్చాక, వేంగిలో తమ్ముడు కుదురుకున్నాక, హర్షుడు నర్మద అవతల ఆగిపోయాక, మణిమంగళం దాకా మళ్ళీ వెళ్ళాల్సిన అవసరం ఏమిటి? అది లేకపోతే 642 లేదు.

ఐహొళె బాటసారి

అవసరం ఉంది. మహేంద్రుడు పోయి కొత్త రాజు వచ్చాడు, అదీ చురుకైనవాడు. కర్మరాష్ట్రం పోగొట్టుకున్న పల్లవుడు ఊరికే కూర్చుంటాడా? వదిలేస్తే పదేళ్ళ తర్వాత అతనే కృష్ణ దాటి వస్తాడు. ముందే వెళ్ళి కొట్టాలనుకోవడం ఆ కాలపు ఏ రాజైనా చేసే లెక్క. నరసింహవర్మ బాదామికి వచ్చిందీ అదే లెక్కతో. ఒకరు చేస్తే వీరత్వం, ఇంకొకరు చేస్తే అవివేకం ఎలా అవుతుంది? పులకేశి మణిమంగళంలో గెలిచి ఉంటే మీరే ఇక్కడ "ముందుచూపు" అని దారం మొదలుపెట్టేవారు.

నర్మదాతీరం

గెలిచి ఉంటే మొదలుపెట్టేవాణ్ణే. ఓడాడు కాబట్టి ఎందుకు ఓడాడని అడుగుతున్నాను. రాజధానికి కాపలా లేకుండా సైన్యాన్ని అంత దూరం తీసుకెళ్ళాడా, లేక మధ్యలో సామంతులు జారుకున్నారా? దానికి మీ దగ్గర జవాబు ఉంటే రాయండి, చదువుతాను.

తుంగభద్ర ఒడ్డు

సామంతులు జారుకున్నారనడానికి ఆధారం వెతికితే నాకు దొరికింది విక్రమాదిత్యుడి ఆ "ముగ్గురు రాజులు" ముక్కే. ఆ ముగ్గురూ ఎవరన్నది పండితులు తలో మాట అంటారు. చోళ, కేరళ, పాండ్యులు అనుకుంటే మాత్రం కథ రసవత్తరంగా ఉంటుంది. ఎందుకంటే పులకేశి కావేరి దాటి వెళ్ళి సంతోషపెట్టిన మిత్రులని రవికీర్తి రాసింది సరిగ్గా ఆ ముగ్గురి గురించే.